అడ్డగీతల కమాను

కప్ప టీచరు సైన్సు క్లాసులో బొమ్మకు నీడ వేస్తే అరమార్కు కోత. కప్పయినా, గుండెకాయయినా, చిక్కుడు గింజయినా సన్నటి గీత ఒక్కటే ఉండాలి, స్కేలు పెట్టి పక్కన పేర్లు రాయాలి, అంతే. "నీడలు వేసేది బొమ్మ రానివాళ్లు" అని బల్ల మీద సుద్దముక్కతో కొట్టి మరీ చెప్పేది. పిల్లలు పెట్టిన కప్ప టీచరన్న పేరు స్టాఫ్‌రూముదాకా పాకి, అక్కణ్నించి ఇంటికీ వచ్చి, చివరికి ఆవిడ కూడా దానికి పలకడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషి ఈ సెలవుల్లో పొద్దున్నే మడతకుర్చీ, అట్ట, సిరాపెన్నులు సంచిలో వేసుకుని, పాతకోట గోడలో మిగిలిన ఒకే ఒక్క ద్వారం ముందు కూర్చుని నీడలు వేస్తోంది. వేయడమా! నీడల్లో మునిగి తేలుతోంది. ఫోనులో ఎవరో గడ్డపాయన నేర్పుతుంటే చూసింది: రంగూ వద్దు, కుంచే వద్దు, ఒట్టి పెన్నుగీతలతోనే రాయిని రాయిలా, నాచుని నాచులా చూపించొచ్చట. చదునైన రాయికి పక్కపక్కన నిలువు గీతలు. గుండ్రటి స్తంభానికి దాని ఒంటితోపాటు వంగే గీతలు. నాచుకి చుక్కలు. బాగా చీకటి కావాలంటే గీతల మీద అడ్డంగా మళ్లీ గీతలు, వాటి మీద ఏటవాలుగా ఇంకో వరస, వల అల్లినట్టు.

మొదటి రోజు గోడ గీసి ఇంటికి తీసుకెళ్తే ఆవిడ భర్త కళ్లజోడు సవరించుకుని, "వాన బాగా గీశావోయ్" అన్నాడు. రెండో ప్రయత్నంలో స్తంభానికి వెంట్రుకలు మొలిచాయి. మూడోది చూసి ఆయన ఏమీ అనకుండా తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయాడు. ఆ తల ఊపడం ఆవిడకు అన్నిటికంటే ఎక్కువ మండింది. పట్టువదలక మర్నాడు తెల్లారేసరికి మళ్లీ ద్వారం దగ్గరుంది.

ఆ ద్వారానికి ఒక కమాను. కమాను కింద, చల్లటి చీకట్లో, కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే మనిషి కత్తెరన్న. కొత్త బట్టలు కుట్టడు. పొట్టివైన ప్యాంట్లు పొడుగు చేస్తాడు, లావైనవాళ్ల చొక్కాలు వదులు చేస్తాడు, జిప్పులు మారుస్తాడు. ఊళ్లో సగంమంది ఒంటికి పట్టిన కొవ్వు లెక్క ఆయనకు తెలుసు, ఒక్కరిదీ ఇంకొకరికి చెప్పడు. మధ్యాహ్నం కాళ్లు నొప్పెట్టినప్పుడు లేచి వచ్చి, మెడలో టేపుతో, టీచరు భుజం మీదుగా బొమ్మలోకి తొంగిచూసేవాడు.

"కుట్టు మరీ దగ్గరగా పడుతోంది టీచరమ్మా. బట్ట ముడుచుకుంటుంది."

"ఇది బట్ట కాదన్నయ్యా, రాయి."

"ఏదైతేనేం? చెయ్యి బిగిస్తే గీత బిగుస్తుంది. కాస్త వదలండి. పాదం నొక్కినట్టు ఒకే వేగంలో పోనివ్వండి."

ఆవిడ ఉక్రోషంగా చెయ్యి వదిలింది. గీతలు చిత్రంగా ఊపిరి పీల్చుకున్నాయి. ఆ మాట ఆయనకు చెప్పకుండా, "ఏదో, పర్వాలేదు" అంది.

ఆ మధ్యాహ్నమే ఆవిడకు గుట్టు తెలిసింది. కమాను లోపల ఎంత నల్లగా వేస్తే కత్తెరన్న తెల్ల చొక్కా అంత తెల్లగా వెలుగుతుంది! చొక్కా మీద ఒక్క గీతా గీయనక్కర్లేదు, కాగితాన్ని కాగితంగా వదిలేస్తే చాలు. ఇక ఆగలేదు. వల మీద వల, దాని మీద ఇంకో వల. సిరా తాగి తాగి కాగితం బరువెక్కింది. కమాను పక్కన ఎండ పడుతున్న బయటి గోడని, దాని మీది పిట్టగోడని మాత్రం దాదాపు ఖాళీగా వదిలేసింది, ఎండ ఎండలా ఉండాలని. పూర్తయ్యాక అట్ట దూరంగా పట్టుకుని చూసుకుని, తనలో తనే నవ్వుకుంది. ఇన్నేళ్లూ పిల్లల దగ్గర ఎన్ని అరమార్కులు అన్యాయంగా కోసిందో కదా అనిపించింది.

కత్తెరన్న బొమ్మ చూసి నోరు తెరిచాడు. "నేనేనా? ఇంత తెల్లగా నేనెప్పుడున్నాను!" ఆ సాయంత్రం జిప్పు కోసం వచ్చినవాళ్లను కూడా నిలబెట్టి మరీ చూపించాడు.

*

మున్సిపాలిటీవాళ్లు టౌనుహాల్లో పాత కట్టడాల బొమ్మల ప్రదర్శన పెట్టారు. టీచరు గీసిన బొమ్మను పెద్దది చేయించి గుమ్మంలోనే వేలాడదీశారు. ఆవిడ ఇస్త్రీచీర కట్టుకుని, వచ్చినవాళ్లకు కనబడేలా, కానీ బొమ్మ కోసం నిలబడినట్టు అనిపించకుండా, కాస్త పక్కన నిలబడింది. ఇది చాలా కష్టమైన పని.

మున్సిపాలిటీకి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ బొమ్మ ముందు ఆగాడు. అందరూ ముందుకు వెళ్లిపోయినా ఆయన కదల్లేదు. దగ్గరకు వంగాడు. వెనక్కి జరిగాడు. మళ్లీ వంగాడు. టీచరు మనసులో రసికుడంటే ఇలా ఉండాలి అనుకుంది.

"ఇది మీరు స్వయంగా చూసి గీసిందేనా మేడమ్?"

"ప్రతి రాయీ చూసే గీశానండీ. ఊహించి ఒక్క గీత కూడా వేయలేదు."

"ఈ కమాను లోపలంతా నిజంగా ఇలాగే ఉందా?"

"ఇంకా నల్లగానే ఉంటుందండీ" అంది టీచరు వినయంగా. "నాకు చేతకాక కాస్త తగ్గింది."

ఇంజనీరు ముఖం గంభీరమైపోయింది. జేబులోంచి ఫోను తీసి బొమ్మను దగ్గరగా, కమాను దగ్గర ఇంకా దగ్గరగా ఫొటో తీసుకుని, థాంక్స్ చెప్పి గబగబా వెళ్లిపోయాడు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ టీచరు భర్తతో ఈ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ఇంజనీరు కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

*

ఒకరోజు ఆగి, బొమ్మ కాపీ ఒకటి చిన్న ఫ్రేము కట్టించుకుని కత్తెరన్నకు ఇద్దామని బయల్దేరింది. ద్వారం దగ్గరకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. కమానుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. దాని ముందు కొత్త బోర్డు, పెయింటు వాసన ఇంకా పోలేదు: 'ప్రమాదం. శిథిల భాగం. లోపలికి రాకూడదు.'

కత్తెరన్న మిషను బయటికొచ్చింది. కమాను పక్కన, ఎండ గోడని ఆనుకుని, ఫుట్‌పాత్ మీద ఉంది. దాని కమ్మీకి ఒక నల్ల గొడుగు తాడుతో కట్టి ఉంది. గొడుగు నీడ మిషనుకు సరిపోయింది, మనిషికి సరిపోలేదు. ఆయన నెత్తిన తడిగుడ్డ వేసుకుని ఎవరి చొక్కాకో గుండీ కుడుతున్నాడు.

"ఏమైందన్నయ్యా?"

"కమాను కూలిపోయేలా ఉందట. వారందాకా ఇక్కడ ఉండనిస్తారట, ఆ తర్వాత బజారు చివర, చెత్తబండ్లు నిలబెట్టే చోట జాగా చూపిస్తారట. జిప్పు పోయినవాడు అంతదూరం ఎలా నడిచొస్తాడు చెప్పండి!" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"కూలిపోతుందని ఎవరు చెప్పారు?"

ఆయన దారం కొరికి, గుండీ లాగి చూశాడు. సూది కాలర్లో గుచ్చుకున్నాడు. అప్పటికీ టీచరు అక్కడే నిలబడి ఉంటే, ఇక తప్పదన్నట్టు చెప్పాడు.

"మీ బొమ్మ చూసేనటమ్మా. అంత బాగా కుదిరింది మరి. గవర్నమెంటే నమ్మేసింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. లేదు. టీచరు సంచిలో ఉన్న ఫ్రేము బయటికి తీయలేదు.

*

"మా ఆఫీసులో గీతల మీద అడ్డగీతలు వేశామంటే కూల్చాల్సిన భాగం అని అర్థం మేడమ్" అన్నాడు ఇంజనీరు. బల్ల మీద ఏదో పాత మార్కెట్టు ప్లాను పరిచి చూపించాడు. నిజమే, ఒక మూల గదికి నిండా వల అల్లి ఉంది.

"మా ఇంట్లో నీడ అని అర్థమండీ."

"నీడ అని మీరు చెప్పలేదే! నేను అడిగాను కూడా. ఇంకా నల్లగా ఉంటుందన్నారు."

ఆ మాట టీచరు నిజంగానే అంది. వినయంగా కూడా అంది.

"మనిషిని పంపి చూడొచ్చు కదండీ?"

"పంపాను. లోపల చీకటిగా ఉంది, ఏమీ కనిపించలేదని చెప్పాడు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంతకు ముందు పనిచేసిన ఊళ్లో ఒక బస్‌షెల్టరు గోడ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం. కానీ ఆ రోజు నుంచీ నాకు ఏ గోడ చూసినా నిద్ర పట్టదు. అందుకే ముందు మూసేస్తాను, తర్వాత చూస్తాను. పాత కట్టడాలు చూసే నిపుణులు వానలు వెళ్లాక వస్తారు."

"అప్పటిదాకా ఆ మనిషి ఏం తినాలి?"

ఇంజనీరు ప్లాను చుట్ట చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. చెడ్డవాడైతే తిట్టి రావచ్చు, భయస్థుణ్ణి ఏం చేస్తాం?

"ఒక పని చేయండి మేడమ్. ఏది నీడో, ఏది పగులో నాలాంటివాడికి తెలిసేలా ఇంకో బొమ్మ తెండి. చూసి ఆలోచిస్తాను. మాటివ్వడం లేదు, ఆలోచిస్తానంటున్నాను."

ఇంటికొచ్చి టీచరు చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి హాల్లో వదిలేసి కూలబడింది. భర్త అంతా విని, మంచినీళ్లు తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"నీడ వేస్తే నువ్వు అరమార్కే కోస్తావు. ఆయన కమానే కోసేశాడు" అన్నాడు.

టీచరు గ్లాసు విసురుదామనుకుంది. విసరబోయి, నవ్వొచ్చి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఆయన కంగారుపడి "ఊరికే అన్నానోయ్" అంటుంటే, కళ్లు తుడుచుకుని, "మీరన్నది నిజమే" అంది. "నిచ్చెన ఎక్కడుంది?"

*

మర్నాడు పొద్దున్నే టీచరు, భర్త, కత్తెరన్న ముగ్గురూ ద్వారం దగ్గర చేరారు. భర్త నిచ్చెన మోసుకొచ్చి, రిబ్బను ముందు ఆగి, బోర్డు చదివి, "రాకూడదని రాసుందోయ్" అన్నాడు. "చదివాంగా, ఇక రండి" అని టీచరు చీరకొంగు దోపి రిబ్బను కిందనుంచి దూరింది. టార్చి వెలిగించి నిచ్చెన ఎక్కింది. భర్త రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"మీరు కళ్లు మూసుకుంటే నేను పడిపోనా?"

"చూస్తే నేను పడిపోతాను."

కత్తెరన్న మెడలో టేపు తీశాడు. ఆయనకు గోడ కొలవడం రాదు, మనిషిని కొలవడమే వచ్చు. అందుకని కమానునే మనిషిని చేసుకున్నాడు. "భుజం నుంచి భుజానికి రాసుకోండి టీచరమ్మా. ఇదిగో చంక. ఇక్కణ్నించి మెడ. అబ్బో, ఈయనగారికి మెడ లావే, కాలరు గుండీ పడదు." టీచరు నవ్వు ఆపుకుంటూ అంకెలు వేసుకుంది. నీడ లేదు, వల లేదు. రాయికి ఒక గీత, రాయికీ రాయికీ మధ్య సందుకు ఒక గీత, పక్కన స్కేలు పెట్టి పేరు. చెయ్యి తనంతట తనే నడిచింది. ఇన్నేళ్లూ కప్ప పొట్ట గీసిన చెయ్యి అది, దానికి ఒకరు చెప్పాలా!

ప్రతి సందు దగ్గరా కత్తెరన్న సూది అందించేవాడు, ఆవిడ గుచ్చి చూసేది. సూది ఎక్కడా గోరంత కూడా దిగలేదు. కమాను నడినెత్తి రాయిని సుత్తితో తడితే ఖంగుమంది. టార్చి వెలుగులో చూస్తే లోపలి రాళ్లు నల్లగా కూడా లేవు, మసిపట్టిన బూడిదరంగు, అంతే.

"రాయిలా ఉన్నాడు" అన్నాడు కత్తెరన్న. ఆయన ముఖం వెలిగింది. "ఇక ఈ కాగితం పట్టుకెళ్లండి."

"బయట కూడా చూడాలి కదన్నయ్యా. సగం బొమ్మకు మార్కులు వేయను నేను."

నిచ్చెన బయటికి, ఎండ గోడ వైపు మార్చారు. మొదటి బొమ్మలో ఖాళీ కాగితంగా వదిలేసిన వైపు అది. పైన పిట్టగోడ దగ్గర ఏదో పిచ్చిమొక్క గుబురుగా ఉంది. టీచరు ఆకులు పక్కకు తీసి, సందులో సూది పెట్టబోయింది. సూది అక్కర్లేకపోయింది. వేలు దూరింది. తర్వాత అరచెయ్యి. తర్వాత మణికట్టుదాకా. మొక్క వేరు లోపల మోచేయంత లావుగా ఊరి, పెద్ద రాయినొకదాన్ని వీధివైపు నెట్టేసింది. ముట్టుకుంటే అది కదిలింది. చాలా కొద్దిగా కదిలింది, కానీ కదిలింది.

ఆవిడ మెల్లగా కిందికి చూసింది. సరిగ్గా కింద నల్ల గొడుగు, మిషను, స్టూలు.

దిగి, ఇద్దరికీ చెప్పింది. ముందుగా మాట్లాడింది కత్తెరన్నే.

"అది మాత్రం వేయకండి టీచరమ్మా."

"అన్నయ్యా, మీరు కూర్చుంది దాని కిందే!"

"మిషను జరుపుకుంటా. ఇదిగో, ఇప్పుడే జరుపుతా." నిజంగానే మిషనును ఈడ్చుకుంటూ వీధి అవతలికి తీసుకెళ్లి, రొప్పుతూ తిరిగొచ్చాడు. "ఇంజనీరుగారి సంగతి మీరే చెప్పారుగా, గోడని చూస్తే నిద్ర పట్టదని. ఒక్క పగులు చూపించారంటే ద్వారమంతా మూసేస్తాడు. ఇక ఈ జన్మకు తెరవడు. మీకు దణ్ణం పెడతా."

భర్త కూడా గొంతు సవరించుకున్నాడు. "ఆయన అడిగింది కమాను లోపలి సంగతే కదోయ్. బయటిది తర్వాత విడిగా చెప్పొచ్చు."

టీచరు పెన్ను పట్టుకుని నిలబడింది. ఒకసారి తన గీతల వల్ల ఈ మనిషి నీడ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంకో గీత గీస్తే ఉన్న ఆశ కూడా పోతుందేమో. కత్తెరన్న చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. ఆయన వెనకాల ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల సంచులతో, ఏదో నవ్వుకుంటూ, ఆ పిట్టగోడ కిందనుంచి నడిచి వెళ్లారు. వాళ్లలో ఒకామె ఎండకు తాళలేక గోడవారకు ఇంకాస్త జరిగింది.

"తర్వాత చెప్పడానికి రాయి ఆగొద్దూ?" అంది టీచరు. నిలబడిన చోటే పగులు గీసింది. వేరు గీసింది. కదిలే రాయి చుట్టూ గీత తిప్పి, స్కేలు పెట్టి పేరు రాసింది.

కత్తెరన్న టేపు మెడలో వేసుకుని, వీధి దాటి వెళ్లి, మిషను ముందు వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు. టీచరు ఆఫీసుకు వెళ్తూ "వస్తానన్నయ్యా" అంటే తల తిప్పలేదు. దారి పొడుగునా ఆవిడకు ఆ వీపే కనబడింది.

*

ఇంజనీరు కాగితం మీద వేలు పెట్టి రాయి రాయీ చదివాడు. కమాను లోపలిది చదివి 'ఊఁ' అన్నాడు. పిట్టగోడ దగ్గరకు వచ్చి వేలు ఆపాడు.

"ఇది నేను అడగలేదే?"

"ఉంది గనక వేశాను."

"దీన్ని బట్టి మొత్తం ద్వారం మూసేయొచ్చు నేను. తెలుసా మీకు?"

"తెలుసు. ఆయన వేయొద్దని దణ్ణం కూడా పెట్టాడు."

ఇంజనీరు లేచి, బీరువా మీంచి హెల్మెట్టు తీసి దుమ్ము దులిపాడు. "పదండి" అన్నాడు.

నిచ్చెన ఆయనే ఎక్కాడు. భర్త పట్టుకోబోతే కళ్లు తెరిచి పట్టుకోమని టీచరు హెచ్చరించింది. పైన ఆకుల్లో చెయ్యి పెట్టగానే ఇంజనీరు గొంతు మారిపోయింది. "అందరూ ఇటు జరగండి! ఆ ఫుట్‌పాత్ మీదికి ఎవర్నీ రానీయకండి!" అని అరుస్తూ, వెంట వచ్చిన కూలీలతో ఆ వైపంతా అడ్డు కట్టించాడు. కట్టడానికి రిబ్బను చాలలేదు. ఆయన అటూ ఇటూ చూసి, కమాను దగ్గరకు వెళ్లి, అక్కడి రిబ్బను తనే విప్పి అందించాడు. తర్వాత టార్చి పుచ్చుకుని కమాను లోపలికి వెళ్లి చాలాసేపు ఉన్నాడు. సుత్తి చప్పుళ్లు వినిపించాయి. బయటికొచ్చి, బోర్డు కూడా పీకి ఫుట్‌పాత్ వైపు పాతమన్నాడు.

"పగులే లేని కాగితం తెచ్చుంటే పక్కన పడేసేవాణ్ణి మేడమ్" అన్నాడు టీచరుతో. "తెలిసినాయన కోసం గీసుకొచ్చారనుకునేవాణ్ణి. ఆయనకు నష్టం చేసేది కూడా వేశారు చూడండి, అందుకే మిగతాదంతా నమ్మాను."

వీధి అవతల కత్తెరన్న లేచి నిలబడ్డాడు. మాట వినబడిందో లేదో గాని రిబ్బను ఎటు కట్టారో కనబడింది. మిషను తోసుకుంటూ వీధి దాటి, సగంలో ఆగి, టీచరు కేసి చూశాడు. మెడలో టేపు తీసి మళ్లీ వేసుకున్నాడు. "నడవండి అన్నయ్యా, ఎండగా ఉంది" అంది టీచరు.

అంతా అయ్యాక గాని ఇంజనీరుకు తెలియలేదు, నిచ్చెన మేకు తగిలి తన ప్యాంటు వెనకాల జేబు నుంచి మోకాలిదాకా చిరిగిందని. కూలీలు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగారు. కత్తెరన్న మాత్రం నవ్వలేదు. వృత్తి ధర్మం. ఎవరో కుట్టడానికిచ్చిన పెద్ద పూల పరదా ఒకటి ఆయన నడుముకు చుట్టి, ప్యాంటు విప్పించి, కమాను లోపల స్టూలు మీద కూర్చోబెట్టాడు.

మిషను చప్పుడు కమానులో మళ్లీ మొదలైంది. టీచరు ఎదురుగా కుర్చీ వేసుకుని, సంచిలోంచి అట్టా పెన్నూ తీసింది. ఇంజనీరు ఉలిక్కిపడి పరదా సర్దుకున్నాడు.

"మేడమ్, నన్ను మాత్రం గీయకండి!"

"మిమ్మల్ని కాదండీ, కమానునే."

"గీస్తే గీశారు గాని, అడ్డగీతలు వేయకండి."

"అవి లేకపోతే పరదా మీది పూలు తేలవండీ" అంది టీచరు. ఆయన ఏదో అనబోయాడు. లోపల చల్లగా ఉంది. పొద్దుట్నించీ ఎండలో తిరిగిన ఒళ్లు. ఎన్ని రాత్రుల నిద్ర బాకీ ఉందో ఏమో, వీపు మెల్లగా గోడకు ఆనింది, హెల్మెట్టు ముక్కు మీదికి జారింది.

కత్తెరన్న ప్యాంటు కుట్టడం ముగించి, దారం కొరికి, మడతపెట్టి, ఇద్దామని లేచాడు. దగ్గరకు వెళ్లి ఆగిపోయాడు. ఇంజనీరు నోరు కొద్దిగా తెరుచుకుని సన్నగా గురకపెడుతున్నాడు.

"లేపనా?" అంది టీచరు గొంతు తగ్గించి.

"వద్దమ్మా" అన్నాడు కత్తెరన్న, ప్యాంటు మిషను మీద పెడుతూ. "గోడని చూస్తే నిద్రపట్టని మనిషి. పడుకోనివ్వండి."

టీచరు తల ఊపి, ఇంజనీరు వెనకాల ఉన్న చీకటిని, గీత మీద గీతగా, చప్పుడు కాకుండా వేసుకుంటూ పోయింది.